సాంచల వణుకు అనుకున్న గీత

మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట్‌లో నా దవాఖానాకూ సిద్ధిరాములు కారఖానాకూ మధ్య ఒకటే గోడ. గోడకు అవతల పదహారు మరమగ్గాలు. మావాళ్లు వాటిని సాంచలంటారు. పొద్దున కరెంటు వచ్చిందంటే అవి మొదలయ్యేవి. నా బల్ల మీది పెన్ను దానంతట అదే నడుచుకుంటూ వెళ్లి కింద పడేది. గుండె చప్పుడులో ఎన్ని రకాల గుసగుసలుంటాయో కాలేజీలో శ్రద్ధగా నేర్చుకుని వచ్చినవాణ్ణి నేను. ఇక్కడ స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంటే, ముసలివాళ్లనీ పసివాళ్లనీ లేకుండా అందరి గుండెల్లోనూ చద్దర్లు నేస్తున్నట్టే వినిపించేది.

కొత్తగా వైద్యంలోకి వస్తున్న పిల్లలకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. నాకు కప్పిన శాలువాల సంగతి ఇందులో ఉండదు. ఎక్కువగా ఒకే ఒక రోగి ఉంటాడు, అతని ఇంటివాళ్లుంటారు, నా తప్పులుంటాయి. తప్పుల్లో కొన్నింటికి ఇప్పుడు నవ్వొస్తుంది. ఒకదానికి మాత్రం రాదు. అది వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

అరిచి చెప్పే రహస్యాలు

మగ్గాల మధ్య పెరిగినవాళ్లకు నడివయసు వచ్చేసరికి సగం చెవుడు వస్తుంది. నేను అరిచి అడిగేవాణ్ణి, వాళ్లు అరిచి చెప్పేవాళ్లు. ‘దొడ్డికి సరిగ్గ అవుతున్నదా?’ అని నేను కేకేస్తే, ఎదురుగా ఉన్న ముసలాయన ‘ఏంది?’ అనేవాడు. బయట బెంచీ మీద కూర్చున్న అతని వియ్యంకుడు అందుకుని, ‘అయితలేదట సాబ్! నిన్నటి సంది మా ఇంట్ల గదే ముచ్చట’ అనేవాడు. బెంచీ అంతా ఘొల్లుమనేది.

ఇలాంటి చోట ఎవరికైనా గుట్టుగా ఒక మాట చెప్పాలంటే మందులు పెట్టుకునే వెనక గదిలోకి తీసుకెళ్లాలి. అక్కడ చప్పుడు కాస్త తక్కువ. తలుపు చేరవేసి, గొంతు తగ్గించి, ‘ఈ మాట ఎవ్వరికీ చెప్పకు’ అనేవాణ్ణి. ఆ మాట అనగానే మనిషి ముఖం మారిపోయేది. డాక్టరు తననొక్కణ్ణే నమ్మాడని పొంగిపోయేవాడు. నేనూ పొంగిపోయేవాణ్ణి. చాలా ఏళ్లు అది నా వైద్యంలో గొప్ప నేర్పు అనుకున్నాను.

జోడ్‌భావి పేట్‌లో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఏ జ్వరానికైనా ఒకే ఇంజెక్షను ఇచ్చేవారు, రోగిని తిట్టకుండా పంపేవారు కాదు. అయినా జనం ఆయన్ను వదిలేవారు కాదు. ఆయన నాకు నేర్పినవాటిలో రెండు గుర్తుంచుకోదగ్గవి. ఒకటి, రోగి మాట్లాడుతున్నంతసేపూ నాడి మీద వేలు తీయవద్దని. రెండు, మనసు బాగాలేనివాళ్లు మాత్ర మింగకపోతే నూరి చాయ్‌లో కలిపించమని. నేను రెండోదాన్ని గట్టిగా పట్టుకుని మొదటిదాన్ని వదిలేశాను. ఆయన బతికి ఉంటే ఈ మాటకు నన్ను కూడా తిట్టి పంపేవారు.

పదహారు గుండెలు

తొంభైలు మొదలైన రోజుల్లో ఒక పాత ఈసీజీ మిషను సంపాదించాను. వేడి సూది కాగితం మీద గుండె నడకను గీతగా గీసేది. మా పేటలో అలాంటిది ఇంకో దవాఖానాలో లేదు. దాన్ని బల్ల మీద పెట్టి, మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, పెళ్లికూతుర్ని చూసుకున్నట్టు చూసుకునేవాణ్ణి.

దానికొక్కటే చిక్కు. కరెంటు లేకపోతే అది నడవదు. కరెంటుంటే సాంచలు నడుస్తాయి. సాంచలు నడిస్తే నేల వణుకుతుంది, నేల వణికితే బల్ల, బల్లతో పాటు రోగి, రోగితో పాటు గీత. కాబట్టి గుండెను చూడాలంటే ముందు సిద్ధిరాములును బతిమాలుకోవాలి.

‘జెర ఐదు నిమిషాలు బంద్ చెయ్యి సేఠ్!’ అని గోడ దగ్గర నిలబడి అరిచేవాణ్ణి.

‘మీరొక్క గుండె చూడాలంటె నా పదహారు గుండెలు ఆపాలెనా డాక్టర్‌సాబ్?’ అని అటునుంచి సమాధానం. నేసేవాళ్లు నవ్వేవాళ్లు. చివరకు ఆపేవాడే, మంచివాడు. కానీ ప్రతిసారీ ఆ మాట, ఆ నవ్వు. నాకు నామోషీగా ఉండేది. క్రమంగా బతిమాలడం తగ్గించాను. గీత వణికితే వణికింది, ఏది గుండో ఏది సాంచో నాకు తెలియదా అనుకునేవాణ్ణి.

సాంచ తిట్టిన మనిషి

అంబాదాస్ వేరే కారఖానాలో పువ్వులు దిగే జకార్డ్ చద్దర్లు నేసేవాడు. ముప్పై లోపు వయసు. చేతిలో పనితనం ఉన్నవాడు. అతని అన్న విఠల్‌ది కూడా అదే కారఖానా. ఇంట్లో తల్లి నర్సవ్వ, అంబాదాస్ భార్య పద్మ. పద్మ బీడీలు చుట్టేది. ఆమె పుట్టిల్లు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో. ఇంకా పిల్లలు లేరు.

ఒక వేసవిలో అంబాదాస్‌తో సాంచ మాట్లాడటం మొదలుపెట్టింది. నిజానికి ఆ చప్పుడులో అందరికీ ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది. నాకే కొన్నిసార్లు ‘చాయ్ తాగు, చాయ్ తాగు’ అని వినపడేది. కానీ అంబాదాస్‌కు వినిపించేవి తిట్లు, అదీ పేరు పెట్టి. అతను సాంచ ఆపి దానితో వాదన వేసుకునేవాడు. ఆపినా తిట్లు ఆగేవి కావు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించారు. ఆయన థయోరిడజీన్ అనే మాత్ర రాసి, కొనసాగించే బాధ్యత నాకు అప్పగించాడు. ఆ మందు ఇప్పుడు దాదాపు కనిపించదు. అప్పట్లో బాగా వాడేవాళ్లం. నెల తిరిగేసరికి తిట్లు సద్దుమణిగాయి. అంబాదాస్ మళ్లీ పనిలోకి వెళ్లాడు. వెళ్లిన కొన్నాళ్లకే మాత్ర మింగడం మానేశాడు.

నర్సవ్వ వచ్చి చెప్పింది. ‘నోట్లేస్తె ఉమ్ముతుండు సాబ్. నాలిక కింద దాచుకుంటడు, నేనటు తిరగంగనె మోరీల పారేస్తడు.’

వెనక గదికి తీసుకెళ్లాను. ‘మెత్తగ నూరి పొద్దుగాల చాయ్‌ల కలుపు నర్సవ్వా. చక్కెర జెర ఎక్కువెయ్యి. ఎవ్వరికి చెప్పకు, కోడలికి సుత. తెలిసిందనుకో, చాయ్ తాగుడు సుత బంద్ చేస్తడు.’

కొన్నాళ్లకు పద్మ వచ్చింది. ‘ఆయిన గోలీలు మింగుతలేడు డాక్టర్‌సాబ్. అత్తమ్మకు చెప్తె పట్టించుకుంటలేదు. నవ్వి ఊకుంటున్నది.’

అత్త ఎందుకు నవ్విందో నాకు తట్టి ఉండాలి. తట్టలేదు. నర్సవ్వ విసుగొచ్చి మానేసిందనుకున్నాను. ఒక్క మాట అడిగితే సరిపోయేది. బయట బెంచీ నిండా జనం. పద్మను కూడా వెనక గదికి పిలిచాను. ‘రాత్రి బువ్వల పల్లీల శేంగా చట్నీ ఉంటది గదా బిడ్డా, అండ్ల కలుపు. కారం మీద చేదు తెల్వది. ఎవ్వరికి చెప్పకు.’

ఆమె తల ఊపి, నేనిచ్చిన మాత్రలు కొంగున ముడేసుకుని వెళ్లింది. ఆ ముడి ఆమె ఎంత గట్టిగా వేసిందో తర్వాత తెలిసింది.

చించి పారేసిన కాగితం

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం అంబాదాస్ సాంచ దగ్గర కళ్లు తిరిగి పడ్డాడు. నర్సవ్వ వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. నడుస్తూనే వచ్చాడు. బల్ల మీద పడుకోబెట్టి పట్టీలు కట్టి మిషను పెట్టాను. గోడ అవతల సాంచలు పూర్తి జోరులో ఉన్నాయి. ఆపమని అడగాలనుకుని, పదహారు గుండెల మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

గీత మామూలుగానే వణుకుతూ వచ్చింది. మధ్యలో కొంత దూరం మాత్రం వింతగా ఉంది. గీత పెద్దదై, చిన్నదై, మళ్లీ పెద్దదై, పైకి చూసే మొనలు కిందికి తిరిగి, పురి పెట్టిన నూలులా మెలికలు తిరిగింది. వెంటనే సర్దుకుంది. సరిగ్గా అదే సమయంలో అంబాదాస్ కళ్లు మూసి తెరిచాడు.

‘మల్ల జెర చక్కరొచ్చింది సాబ్’ అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ ఆగండి. రోగి నోటితో చెబుతున్నాడు, కాగితం గీసి చూపిస్తోంది, రెండూ ఒకే క్షణంలో. వైద్యుడికి ఇంతకంటే ఏం కావాలి? నేను కాగితం నర్సవ్వకు చూపించి, ‘ఇది నీ కొడుకు గుండె కాదు, సిద్ధిరాములు సాంచ’ అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ముక్క చించి బుట్టలో వేసి, నీరసమని చెప్పి బలం మందు రాశాను. నాడి మీద వేలు పెట్టలేదు.

సుట్టీ నాడు

రాఖీ పున్నమ నాడు మా పేటల్లో ఒక్క సాంచ కూడా కదలదు. కొత్త జంధ్యాలు వేసుకుంటారు, మార్కండేయుడి రథం బయలుదేరుతుంది, వీధులు నిండిపోతాయి. ఆ రోజు నేనూ కొత్త జంధ్యం వేసుకుని, పట్టు పంచె కట్టుకుని, దవాఖానా గుమ్మంలో నిలబడి రథం కోసం చూస్తున్నాను. కరెంటుంది, చప్పుడు లేదు. ఏడాదిలో నాకు అలాంటి రోజు అరుదు.

గుంపులో కలకలం లేచింది. నలుగురు మనుషులు అంబాదాస్‌ను మోసుకుంటూ వచ్చారు. ముందు విఠల్, వెనక నర్సవ్వ, పద్మ. ఎవరో అతని గుప్పిట్లో తాళంచెవులు పెట్టారు. ఎవరో ముక్కు దగ్గర చెప్పు పట్టుకుని నడుస్తున్నారు.

‘ఫిట్స్ సాబ్’ అన్నాడు విఠల్. ‘రథం తాడు పట్టుకుంటనని పోయిండు, నిలబడ్డ కాడనె పడి కొట్టుకున్నడు.’

వారం నుంచి విరేచనాలని నర్సవ్వ చెప్పింది. ఫిట్సేనని నేనూ ఒప్పేసుకున్నాను. అయినా ఇంజెక్షనుకు ముందు ఒకసారి మిషను పెట్టాను. మణికట్టుకు పట్టీ కట్టి చెయ్యి తీయడం మరిచిపోయాను. నాడి మీద నా వేళ్లు ఉండిపోవడానికి కారణం అంతే, ఇంకేమీ గొప్పతనం లేదు. గీత కాసేపు బాగానే నడిచింది. ఉన్నట్టుండి పురి తిరగడం మొదలుపెట్టింది. ఆషాఢంలో చూసిన అవే మెలికలు.

అలవాటుగా నోటికొచ్చేసింది. ‘సిద్ధిరాములును జెర సాంచలు ఆపమనుండ్రి.’

పద్మ నా ముఖం వైపు చూసింది.

‘సాంచలు యాడున్నయి సాబ్? ఇయ్యాల సుట్టీ గదా.’

అప్పుడు నా వేళ్ల కింద నాడి లేదని తెలిసింది. కాగితం మీద గీత ఎగిరెగిరి పడుతోంది, వేళ్ల కింద ఏమీ లేదు. అంబాదాస్ కళ్లు పైకి వెళ్లాయి, ఒళ్లు బిగుసుకుంది. ఛాతీ మీద ఒక గుద్దు గుద్దాను. దానివల్లో, దానంతట అదో, గీత దారిలో పడింది. నాడి తిరిగొచ్చింది. అతను కళ్లు తెరిచి నా పట్టు పంచె వైపు చూసి, ‘రథం పోయిందా?’ అని అడిగాడు.

వీధికి అడ్డంగా

ఆటోలో అతన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని బయలుదేరాం. వీధంతా రథం, గలగలలాడే కర్రలతో లేజిమ్ ఆడే జట్లు, డప్పులు. ఆటో అంగుళం కదలడం లేదు. పద్మ దిగింది. కొంగు నడుముకు చుట్టి, ఆటో ముందు పరుగెత్తుతూ, ‘జరుగుండ్రి! మా ఆయిన పానం పోతున్నది, జరుగుండ్రి!’ అని కేకలేసింది. తెలుగులో జరగనివాళ్లను మరాఠీలో తిట్టింది. లేజిమ్ ఆగింది, రథమూ ఆగింది, దారి పడింది. ఆ రోజు వీధిలో అంత గొంతు ఇంకెవరికీ లేదు.

పెద్దాసుపత్రిలో ఫిజీషియన్‌గా ఒక మరాఠీ మేడమ్ ఉండేవారు. నాకంటే పెద్దవారు, నిదానస్తురాలు. నేను తెచ్చిన కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూశారు. మెలికలను వదిలేసి, మామూలుగా ఉన్న భాగాన్ని ఎక్కువసేపు చూశారు. ‘మెలికల కంటే ముందు ఇది చూడాలి డాక్టర్’ అన్నారు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ సర్దుకుని సిద్ధం కావడానికి పట్టే వ్యవధి బాగా సాగిపోయి ఉంది. కొన్ని మనసు మందులు ఎక్కువైతే గుండెకు చేసేది అదే. సర్దుకోకముందే ఇంకో దెబ్బ పడితే లయ తప్పి మెలి తిరుగుతుంది. మెదడుకు రక్తం అందదు, మనిషి పడతాడు, చూసేవాళ్లకు ఫిట్స్ అనిపిస్తుంది. దానికి తోడు విరేచనాల్లో లవణాలు పోతే ఇంకా తేలిక. ఇవన్నీ నేను చదివినవే. చదివినది అక్కరకు రావాలంటే ఎదురుగా ఉన్నది చూడాలి.

మందు ఆపించారు. మెగ్నీషియం కావాలన్నారు. అది ఆ వార్డులో లేదు. కాన్పుకు ముందు ఫిట్స్ వచ్చే తల్లుల కోసం ప్రసూతి వార్డులో ఉంచుతారు. అక్కడినుంచి తెప్పించి నరంలోకి మెల్లగా ఎక్కించారు. పొటాషియం కూడా మొదలుపెట్టారు. కొంతసేపటికి తెర మీద మెలికలు రావడం ఆగింది.

‘ఏ మోతాదులో ఇస్తున్నారు?’ అని మేడమ్ అడిగారు. చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపారు. ‘ఇంత గొడవకు అది చాలదు. ఇతను ఇంకా ఎక్కువ మింగాడు. తానే మింగాడా, ఎవరైనా పెట్టారా, కనుక్కోండి. పెట్టి ఉంటే పోలీసులకు చెప్పాల్సి ఉంటుంది.’

ఆ మాట నా వెనక నిలబడ్డ విఠల్ విన్నాడు.

ఆసుపత్రి వరండాలో

‘నువ్వేమన్న పెట్టినవా మరదలా?’ వరండాలో అందరి ముందూ విఠల్ పద్మను నిలదీశాడు. ‘పక్కింటామె చెప్పింది, నువ్వు రాత్రి బండ మీద తెల్లది ఏందో నూరుతున్నవట. ఏందది?’

పద్మ కొంగు ముడిని పిడికిట్లో బిగించింది.

‘పిచ్చోనికి పెండ్లమైన అని కోపమా? పీడ వదిలించుకుంటున్నవా?’

నర్సవ్వ గోడకు చేరగిలబడి కూర్చుంది. ఆమె ముఖం చూస్తే తెలిసిపోతుంది, తన చాయ్ గురించి ఆలోచిస్తోంది. పద్మ ఒక్కసారి తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. అనుమతి అడుగుతున్నట్టుంది.

నాకు అంతా అప్పుడే అర్థమైంది. అత్త పొద్దున, కోడలు రాత్రి, ఇద్దరికీ రహస్యం చెప్పింది నేను. ఒక్క వాక్యం చెబితే అయిపోయేది. నేను ‘పేషెంట్లు చూస్తుంటరు, మల్లొస్త’ అని చెప్పి వెళ్లిపోయాను. పున్నమ నాడు, దవాఖానాకు తాళం వేసి ఉన్న నాడు, నాకు పేషెంట్లు.

ముందు చెప్పానే, నవ్వు రాని తప్పు, అది ఇదే. గీతను చూసి పొరపడటం అజ్ఞానం, తొందర. ఇది భయం. ఈ మాట పేటలో పాకితే నా బెంచీ మీద ఎవరు కూర్చుంటారన్న భయం. ఇంటికెళ్లాను. పండగ భోజనం వడ్డించారు. విస్తట్లో ఒక పక్కన శేంగా చట్నీ వేసి ఉంది. చేతులు కడుక్కుని లేచాను.

తిరిగి వెళ్లేసరికి సాయంత్రం. పద్మ ఆసుపత్రి గేటు బయట అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన బట్టల మూట. విఠల్ ఇంటికెళ్లి మరీ ఆ మూట తెచ్చి చేతికిచ్చాడట, ఘర్కుల్‌లో పుట్టింటికి పొమ్మని, పోలీసులు అక్కడికే వస్తారని. ఆమె పోలేదు, విఠల్ ఆమెను లోపలికి రానివ్వలేదు. మధ్యాహ్నం నుంచి అక్కడే ఉంది.

‘ఎట్లున్నడు సాబ్?’ అని అడిగింది. తన సంగతేమీ అడగలేదు.

‘లోపలికి రా బిడ్డా’ అన్నాను.

మేడమ్ వార్డులో ఉన్నారు. నర్సవ్వను, విఠల్‌ను పిలిచాను. అందరి ముందూ చెప్పాను. ‘చాయ్‌ల కలుపమని నర్సవ్వకు చెప్పింది నేను. చట్నీల కలుపమని పద్మకు చెప్పింది నేను. ఒకరి సంగతి ఒకరికి చెప్పొద్దన్నది సుత నేనే. ఆ పిల్ల తప్పు ఏం లేదు. మధ్యాహ్నమే చెప్పాల్సింది, భయపడి పోయిన.’

విఠల్ ముఖం పాలిపోయింది. నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. అతను నేల చూపులు చూస్తూ గొణిగాడు.

‘నాకు సుత గదే చెప్పిండ్రు గదా సాబ్... మోకాలు నొప్పికి వచ్చిననాడు. కారఖానల చాయ్‌ల కలుపమని గోలీలు సుత ఇచ్చిండ్రు.’

నాకు గుర్తులేదు. ఒట్టేసి చెబుతున్నాను, అసలు గుర్తులేదు. అంతగా అలవాటైపోయింది నాకు ఆ మాట. మూడు చేతుల మీదుగా ఒకే మనిషికి మూడు రెట్లు మందు వెళ్లింది. ఇన్నాళ్లూ ముగ్గురూ తామొక్కరే అతన్ని కాపాడుకుంటున్నామనుకున్నారు.

మేడమ్ మా తెలుగును నిదానంగా అర్థం చేసుకుని, కళ్లజోడు తీసి, మరాఠీలో అడిగారు. ‘ఇంకెవరైనా మిగిలారా డాక్టర్? మా వాచ్‌మన్‌కు కూడా చెప్పారా?’

పక్కనున్న వార్డు నర్స్ ఫక్కున నవ్వింది. తర్వాత నర్సవ్వ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. పోలీసుల మాట అక్కడితో పోయింది. మేడమ్ కేసు కాగితంలో రాసినది మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది: వైద్యుడి సలహా మేరకు.

‘నువ్వెందుకు చెప్పలేదే?’ అని విఠల్ తలవంచుకుని మరదల్ని అడిగాడు.

పద్మ అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది. ‘సారు చెప్పొద్దన్నడు.’

నర్సవ్వ లేచి వెళ్లి, కోడలి చేతిలోని మూట తీసుకుని తన చంకన పెట్టుకుంది. మళ్లీ ఇల్లు చేరేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వలేదట.

అడగని ప్రశ్న

నాలుగైదు రోజులకు అంబాదాస్ లేచి కూర్చున్నాడు. గీత మామూలు స్థితికి వచ్చింది. ముగ్గురి సంగతీ నేనే అతనికి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను.

‘చాయ్ చేదుగున్నదని ఎరికే’ అన్నాడు. ‘అమ్మ చాయ్ చేదే, అన్న చాయ్ చేదే, దీని చట్నీ సుత చేదే. నా నోరే ఖరాబైందనుకున్న. చేదున్నదంటె మల్ల పిచ్చి లేసిందంటరని ఊకున్న.’

‘మరి మాత్ర ఎందుకు మింగకపోతివి?’ అని అడిగాను. ఈ ప్రశ్న అతన్ని నేను అదే మొదటిసారి అడగడం.

‘కండ్లు మసక సాబ్. పోగు తెగితె కనబడకపోయేది. తెగిన పోగు కనబడనోడు సాంచ మీద ఏం చేస్తడు? తప్పు పడితె సాంచ తిట్టుడు కాదు, సేఠే తిడుతడు.’ ఆగి, అన్నాడు. ‘ఒక్కరన్న అడిగితె చెప్పేటోన్ని గదా.’

చూపు మసకబారడం ఆ మందుతో తరచుగా వచ్చేదే. మానసిక వైద్యుడు మందు మార్చి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాడు. అది కంటికి అడ్డం రాలేదు. అంబాదాస్ అది తన చేత్తో తానే వేసుకున్నాడు. మధ్యలో ఒకట్రెండుసార్లు సాంచ మళ్లీ తిట్టింది. తిట్టిన రోజే వచ్చి చెప్పేవాడు. పూర్తిగా నయమైందని అనను. చద్దర్లు నేశాడు, అంతే, చాలా ఏళ్లు.

మీరు నా దవాఖానాలాంటి చోట కూర్చుంటారు. మందు కలిపి పెట్టమని బంధువులు మిమ్మల్ని కూడా అడుగుతారు, ప్రేమతోనే అడుగుతారు. మొదట రోగినే అడగండి, ఎందుకు మింగడం లేదని. జవాబు సగంసార్లు అక్కడే దొరుకుతుంది. కళ్లు తిరిగి పడ్డవాణ్ణి చూస్తే ఏ మందులు, ఎవరి చేతి మీదుగా, ఎంత అని అడగండి. గీత తీస్తున్నప్పుడు నాడి మీద వేలుంచండి. పక్కింటి సేఠ్‌ను బతిమాలడానికి సిగ్గుపడకండి. ఆ తర్వాత నేను సిగ్గుపడలేదు. సిద్ధిరాములు పదహారు గుండెల మాట అనడం మానలేదు కూడా.

పేట నా బెంచీని ఖాళీ చేస్తుందని భయపడ్డానా, అదీ జరగలేదు. కొన్నాళ్లు జనం నన్ను చూసి నవ్వారు. చాయ్ ఇచ్చి, ‘తాగుండ్రి సాబ్, ఏం కలపలే’ అనేవాళ్లు. తర్వాత అదీ మరిచిపోయారు.

పద్మ మరవలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ ఇంటి మందులు ఆమే తీసుకెళ్లేది. అత్త బీపీ మాత్రైనా సరే, ఆ తర్వాత పుట్టిన పిల్ల దగ్గు మందైనా సరే, వెనక గదికి రమ్మంటే వచ్చేది కాదు. బెంచీ పక్కనే నిలబడి, చీటీ చేత్తో పట్టుకుని, సాంచల హోరు మీదుగా, ఆనాడు రథాన్ని ఆపిన గొంతుతో అడిగేది.

‘ఇది అందరికి చెప్పొచ్చునా డాక్టర్‌సాబ్?’

‘చెప్పు బిడ్డా!’ అని నేనూ అరిచేవాణ్ణి. ‘అందరికి చెప్పు!’